జూనివాళ్ల మొక్కజొన్న కొండ

పోయిన ఏడాది జాతర ముగిసిన వారానికి ఒక సంగతి జరిగింది. మా హాస్టల్లో పదో తరగతి దాకా చదివి, ఇప్పుడు డిగ్రీ చేస్తున్న ఒక అమ్మాయి, కొండ మీద మన పెద్దలు చెప్పులు విడిచి వెళ్లే చోటును ఫోన్‌లో వీడియో తీసి రీల్‌గా పెట్టింది. పాట కూడా జోడించింది. వేల మంది చూశారు. పిల్ల సంతోషపడింది. తర్వాతి ఆదివారం నుంచి ఎవరెవరో బైకుల మీద ఆ చోటు వెతుక్కుంటూ రావడం మొదలైంది. సీసాలు, చిప్స్ ప్యాకెట్లు అక్కడే పడేసి పోయారు. ఊరి పెద్దలకు కోపం వచ్చింది. ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి ఏడ్చింది. "మేడం, మన గొప్పదనం పదిమందికీ తెలియాలనే కదా పెట్టాను. మనం చెప్పకపోతే మన చరిత్ర ఎవరికి తెలుస్తుంది?" అని అడిగింది.

అది తప్పు ప్రశ్న కాదు. మన చరిత్ర పుస్తకాల్లో లేదని రోజూ అంటున్నది మనమే. నాకు అప్పుడు సరైన జవాబు తోచలేదు. తర్వాత ఆగస్టు 9 సభలో పిల్లలకు ఇతర దేశాల ఆదివాసుల గురించి చెప్పాలని చదువుతుంటే, అమెరికాలోని జూని ప్రజల కథ దొరికింది. వాళ్లకూ ఒక కొండ ఉంది. ఆ కొండ చరిత్రలో ఈ పిల్ల ప్రశ్నకు జవాబు ఉందనిపించింది. అందుకే మన సంచికలో మీతో పంచుకుంటున్నాను.

ఆ కొండ, ఆ నేల

అమెరికా నైరుతి భాగంలో న్యూ మెక్సికో అనే రాష్ట్రం ఉంది. దాని పడమటి అంచున, అరిజోనా రాష్ట్రం సరిహద్దుకు దగ్గరగా, జూని ఊరు ఉంది. ఆ ఊరికి ఆగ్నేయంగా మూడు మైళ్ల దూరంలో ఒక పెద్ద కొండ నిలబడి ఉంటుంది. మన కొండల్లాగా శిఖరం ఉన్న కొండ కాదు. చుట్టూ గోడల్లాగా నిట్టనిలువు రాతి చరియలు, పైన బల్లపరుపు నేల. ఇలాంటి కొండను అక్కడ 'మేసా' అంటారు. స్పానిష్ భాషలో ఆ మాటకు బల్ల అని అర్థం. సముద్ర మట్టం నుంచి దాని ఎత్తు 7,274 అడుగులు. కింద ఉన్న లోయ నుంచి చూస్తే సుమారు వెయ్యి అడుగులు పైకి లేచినట్టు ఉంటుంది. ఇసుకరాతి చరియల మీద ఎరుపు, తెలుపు పట్టీలు అడ్డంగా గీసినట్టు కనిపిస్తాయి. ఊళ్లో ఎక్కడ నిలబడి చూసినా ఆ కొండ కనబడుతుంది.

జూనివాళ్లు దాన్ని 'దోవా యలన్నె' అంటారు. అంటే మొక్కజొన్న కొండ. వాళ్లు తమను తాము 'ఆషివి' అని పిలుచుకుంటారు. వాళ్ల భాషకు ప్రపంచంలో మరే భాషతోనూ చుట్టరికం ఉన్నట్టు నిరూపణ కాలేదు. ఆ ఒక్క ప్రాంతంలో, కొన్ని వేల మంది నోట బతుకుతున్న భాష అది.

అక్కడ వాన తక్కువ. ఏడాదికి పన్నెండు అంగుళాలకు అటూ ఇటూ. అంత తక్కువ వానతోనే జూనివాళ్లు వందల ఏళ్లుగా మొక్కజొన్న పండించారు. వాన పడ్డప్పుడు వాగులు, గట్ల మీద నుంచి నీళ్లు ఎక్కడికి పారుతాయో చూసి, ఆ దిగువనే పొలం వేస్తారు. పారే నీటితో పాటు కొట్టుకొచ్చే ఆకు ఎరువు, ఒండ్రు పొలంలోనే ఆగేలా చిన్న చిన్న అడ్డుకట్టలు కడతారు. ఇళ్ల దగ్గర ఆడవాళ్లు చిన్న చదరపు మడులు చేసి, ఒక్కో మడి చుట్టూ మట్టి గట్టు పోసి, కుండతో నీళ్లు మోసి కూరగాయలు పెంచేవారు. పసుపు, నీలం, ఎరుపు, తెలుపు, నలుపు, కలగలుపు రంగుల మొక్కజొన్న వాళ్లకు ఉంది. ఒక్కో రంగు ఒక్కో దిక్కుకు చెందినది. నాలుగు దిక్కులతో పాటు పైనా కిందా కూడా వాళ్లకు దిక్కులే. కొండకు పంట పేరు ఎందుకు వచ్చిందో దీన్నిబట్టి మీకే తెలుస్తుంది.

ఆ కొండ గురించి జూనివాళ్లే బయటివాళ్లకు చెప్పిన కథ ఒకటి ఉంది. పూర్వం పెద్ద వరద వచ్చింది. జనమంతా కొండ ఎక్కారు. నీళ్లు ఇంకా ఇంకా పైకి వచ్చాయి. చివరికి ఒక పూజారి తన కొడుకును, కూతురును నీళ్లకు అర్పించాడు. నీళ్లు తగ్గాయి. ఆ ఇద్దరు పిల్లలు రాతి స్తంభాలై కొండ దగ్గరే నిలిచిపోయారు. చరియల మీద కనిపించే పట్టీలు ఆనాటి వరద గుర్తులని చెబుతారు. ఆపద వస్తే కొండ ఎక్కాలి అన్న పాఠం వాళ్లకు ఈ కథలోనే ఉంది. చరిత్రలో వాళ్లు సరిగ్గా అదే చేశారు.

పిండితో గీసిన గీత

1539లో స్పెయిన్‌వాళ్లు మెక్సికో నుంచి ఉత్తరానికి బయలుదేరారు. బంగారంతో నిండిన ఏడు నగరాలు ఉన్నాయని ఒక పుకారు. ముందుగా వచ్చినవాడు ఎస్టెబాన్ అనే ఆఫ్రికా మనిషి. బానిసగా తెచ్చిన ఆయనను దారి చూపమని ముందు నడిపించారు. జూనివాళ్ల హవికు అనే ఊరి దగ్గర ఆయన ప్రాణం పోయింది. మరుసటి ఏడాది, 1540 జూలైలో, కొరొనాడో అనే సేనాని గుర్రాలతో, తుపాకులతో హవికు ముందుకు వచ్చాడు.

అప్పుడు జూనివాళ్లకు కనీసం ఆరు ఊళ్లు ఉండేవి. యుద్ధం తప్పదని తెలిసి ఆడవాళ్లను, పిల్లలను, ముసలివాళ్లను, తిండి సామగ్రిని మొక్కజొన్న కొండ మీదికి పంపేశారు. ఊరి ముందు నేల మీద పవిత్రమైన మొక్కజొన్న పిండితో ఒక గీత గీశారు. ఇది దాటి రావద్దు అని దాని అర్థం. వచ్చినవాళ్లు తమ రాజుకు లొంగిపొమ్మనే ప్రకటన చదివారు. గీత దాటారు. పోరు జరిగింది. మిద్దెల మీద నుంచి జూనివాళ్లు విసిరిన రాళ్లకు కొరొనాడో కూడా గాయపడి కిందపడ్డాడు. కానీ ఊరు స్పెయిన్‌వాళ్ల చేతికి చిక్కింది. లోపల చూస్తే బంగారం లేదు. మొక్కజొన్న ఉంది, చిక్కుళ్లు ఉన్నాయి. ఆకలితో వచ్చిన సైనికులు వాటినే తిన్నారు.

కొండ ఎక్కినవాళ్లు మాత్రం క్షేమంగా మిగిలారు.

1629లో స్పెయిన్ పాదిరీలు జూని ఊళ్లలో చర్చిలు మొదలుపెట్టారు. జూనివాళ్ల పూజలను, నాట్యాలను దెయ్యాల పని అన్నారు. 1632లో హవికులో ప్రార్థనకు రమ్మని పిలవడానికి వచ్చిన పాదిరీని చంపి, శిక్ష తప్పదని తెలిసి, జూనివాళ్లు మళ్లీ కొండ ఎక్కారు. మూడేళ్ల దాకా అక్కడే ఉన్నారు. ఒక మనిషిని చంపడాన్ని మెచ్చుకోవాలని నేను చెప్పడం లేదు. కానీ తమ దేవుళ్లను మొక్కనివ్వని పాలన కింద మనుషులు ఎక్కడిదాకా వెళతారో చరిత్ర చదివేవాళ్లు దాచకుండా చూడాలి.

ముడుల తాడు, ఆగస్టు 9

జూనివాళ్లలాగే రాతి, మట్టి ఇళ్ల ఊళ్లు కట్టుకుని సేద్యం చేసే ప్రజలు ఆ ప్రాంతంలో చాలామంది ఉన్నారు. వాళ్లందరినీ కలిపి ప్యూబ్లో ప్రజలంటారు. భాషలు వేరు, ఊళ్లు వేరు. కరువు ఒకవైపు, పన్నులు, వెట్టిచాకిరీ ఇంకోవైపు వాళ్లను నలిపేశాయి. 1675లో స్పెయిన్ గవర్నరు 47 మంది ప్యూబ్లో పూజారులను మంత్రగాళ్లని పట్టించాడు. కొందరికి ఉరి వేశారు. మిగతావాళ్లను కొరడాలతో కొట్టారు. కొరడా దెబ్బలు తిన్నవాళ్లలో పోపే అనే ఆయన ఒకడు.

అయిదేళ్ల తర్వాత ఆయనే, మిగతా ఊళ్ల పెద్దలతో కలిసి, ఒక పథకం వేశాడు. అన్ని ఊళ్లూ ఒకే రోజు తిరగబడాలి. రాత లేదు, ఒకే భాష లేదు. అందుకని తాళ్లకు ముడులు వేసి ఇచ్చి పరుగెత్తే కుర్రాళ్లను ఊరూరికీ పంపారు. రోజుకొక ముడి విప్పాలి. చివరి ముడి విప్పిన రోజే తిరుగుబాటు. 1680 ఆగస్టు 9న కటువా, ఓమ్టువా అనే ఇద్దరు యువకులు ఆ తాళ్లతో స్పెయిన్‌వాళ్లకు పట్టుబడ్డారు. గుట్టు బయటపడిందని తెలిసి ఊళ్లు ఆగలేదు. అనుకున్నదానికన్నా ముందే, ఆగస్టు 10న, లేచాయి. 150 మైళ్లకు పైగా దూరంలో ఉన్న జూని కూడా చేతులు కలిపింది. స్పెయిన్‌వాళ్లు సుమారు 400 మంది చనిపోయారు. మిగతావాళ్లు శాంటా ఫే రాజధాని వదిలి దక్షిణానికి పారిపోయారు.

మనం ప్రపంచ ఆదివాసీ దినోత్సవం జరుపుకునేది ఆగస్టు 9నే. 1982లో అదే రోజు ఐక్యరాజ్యసమితిలో ఆదివాసుల కార్యవర్గం మొదటిసారి కూర్చుంది కాబట్టి ఆ తేదీ పెట్టారు. ఈ రెండు తేదీలు కలవడం యాదృచ్ఛికమే. అయినా ఈసారి ర్యాలీలో నడిచేటప్పుడు ఆ ఇద్దరు పరుగు కుర్రాళ్లను తలుచుకోండి. వాళ్లది మీ వయసే అయి ఉంటుంది.

కొండ మీద పన్నెండేళ్లు

స్పెయిన్ సైన్యం తిరిగి వస్తుందని జూనివాళ్లకు తెలుసు. ఊళ్లన్నీ వదిలి మొక్కజొన్న కొండ మీదికి చేరారు. ఈసారి నాలుగు రోజులకో, నాలుగు నెలలకో కాదు. 1680 నుంచి 1692 దాకా పన్నెండేళ్లు.

ఒక్కసారి ఆలోచించండి. రాతి కొండ మీద వందల కుటుంబాలు ఎలా బతికాయి? కొండ మీదికి దారులు కొన్నే. వాటిని కాపలా కాయడం తేలిక. పైన రాతితో ఇళ్లు కట్టారు. ఆ గోడల శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. రాతి గుంటల్లో వాన నీళ్లు పట్టుకున్నారు. పొలాలు కిందనే ఉన్నాయి కాబట్టి దిగి పండించి పైకి మోసుకునేవారు. ఏ బండ కింద నీళ్లు ఆగుతాయి, ఏ దారి పిల్లలు కూడా ఎక్కగలరు, ఏ వైపు నుంచి శత్రువు రాలేడు — ఇదంతా కొండతో తరతరాలుగా మెలిగినవాళ్లకే తెలుస్తుంది. కొండ వాళ్లను కాపాడిందంటే, ఆ కొండ గురించిన తెలివిడి వాళ్లను కాపాడిందని అర్థం.

ఇంకో సంగతి కూడా జరిగింది. కొండ ఎక్కేటప్పుడు వాళ్లు వేర్వేరు ఊళ్లవాళ్లు. పన్నెండేళ్లు ఒకే చోట, ఒకే నీటి గుంటల మీద ఆధారపడి బతికారు. దిగేటప్పుడు అందరూ కలిసి ఒకే ఊరు కట్టుకున్నారు. హలోనా అనే పాత ఊరి చోట వెలిసిన ఆ ఊరే ఇప్పటి జూని. తమ భాషలో దాన్ని నడిమి చోటు అంటారు.

1692 నవంబరులో వర్గాస్ అనే స్పెయిన్ గవర్నరు కొండ దగ్గరికి వచ్చాడు. జూనివాళ్లు ఆయనతో మాటలు జరిపి పైకి రానిచ్చారు. అక్కడ ఒక గదిలో ఆయనకు ఆశ్చర్యం కలిగించినది కనబడింది. పాత చర్చికి చెందిన శిలువలు, పూజా సామగ్రి, పుస్తకాలు పాడుకాకుండా భద్రంగా ఉన్నాయి. తమ దేవుళ్లను తగలబెట్టినవాళ్ల దేవుడి సామాన్లను జూనివాళ్లు పన్నెండేళ్లు దాచి ఉంచారు. ఈ ఒక్క సంగతి చాలు, వాళ్లు ఎవరితో పోరాడారో, ఎవరితో పోరాడలేదో చెప్పడానికి.

తర్వాత నెమ్మదిగా కిందికి దిగారు. 1703లో మళ్లీ గొడవ జరిగి ఇంకోసారి కొండ ఎక్కి, 1705లో దిగారు. స్పెయిన్ పాలన మళ్లీ వచ్చిన మాట నిజమే. కానీ జూనివాళ్ల భాష, పూజలు, గోత్రాలు పోలేదు.

తుపాకులు లేకుండా వచ్చినవాళ్లు

కొండ ఎక్కి తప్పించుకోలేని ఆపదలు తర్వాత వచ్చాయి. 1848లో ఆ ప్రాంతం అమెరికా చేతికి వెళ్లింది. 1877లో జూనివాళ్లకు రిజర్వేషన్ అని కొంత భూమి గీసి ఇచ్చారు. వాళ్లు తరతరాలుగా తిరిగిన నేలలో అది చిన్న ముక్క. పక్కనున్న జూని పర్వతాల అడవిని కలప కంపెనీలు నరికేశాయి. మట్టి కోసుకుపోయింది. సేద్యం నేర్పుతామని ప్రభుత్వం బ్లాక్ రాక్ దగ్గర జూని నది మీద 1908 నాటికి ఆనకట్ట కట్టింది. మరుసటి ఏడే అది దెబ్బతింది. బాగు చేసినా కొన్ని దశాబ్దాల్లోనే జలాశయం చాలా మటుకు ఒండ్రుతో పూడిపోయింది. ఒండ్రును పొలంలో ఆపి ఎరువు చేసుకోవడం తెలిసినవాళ్లకు, ఒండ్రుతో పూడిపోయే చెరువు కట్టి ఇచ్చారు.

1879లో పండితులు వచ్చారు. మంచివాళ్లూ ఉన్నారు. కానీ వాళ్ల బండ్లలో కుండలు, పూజా వస్తువులు వేల సంఖ్యలో మ్యూజియాలకు వెళ్లిపోయాయి. వాటిలో 'ఆహయుద' అనే చెక్క దేవతామూర్తులు కూడా ఉన్నాయి. జూనివాళ్లకు రక్షకులైన జంట దేవతల రూపాలు అవి. ఆరుబయట పవిత్ర స్థలంలో ఉంచి, ఎండకు వానకు మట్టిలో కలిసిపోనివ్వాలి. అలా కలిసిపోవడంలోనే లోకానికి మేలు ఉందని వాళ్ల నమ్మకం. మ్యూజియంవాళ్లు వాటిని అద్దాల పెట్టెల్లో పెట్టి కాపాడుతున్నామన్నారు.

1978లో జూని పెద్దలు వాటిని తిరిగి ఇవ్వమని అడగడం మొదలుపెట్టారు. వాళ్ల వాదన చాలా సూటిగా ఉంది. ఇవి ఊరందరివి. ఒక్క మనిషికి అమ్మే హక్కు లేదు. కాబట్టి మీ దగ్గర ఉన్న ప్రతిదీ దొంగ సొత్తే. డెన్వర్ ఆర్ట్ మ్యూజియం మొదట్లోనే ఒప్పుకున్నవాటిలో ఒకటి. తర్వాత పదుల సంఖ్యలో మూర్తులు ఇంటికి వచ్చాయి. 1990లో ఇలాంటివాటిని తిరిగి ఇవ్వాలని అమెరికా చట్టమే చేసింది. తిరిగి వచ్చిన మూర్తులను దొంగలు ఎత్తుకుపోకుండా కట్టుదిట్టమైన, పైకప్పు లేని చోట ఉంచారు. ఎండ, వాన తమ పని తాము చేస్తున్నాయి.

భూమికి జరిగిన నష్టం మీద కూడా జూనివాళ్లు ప్రభుత్వంపై కోర్టుకు వెళ్లారు. ముసలివాళ్లు తమకు తెలిసిన చోట్ల పేర్లు, దారులు, మేత భూములు, మందుమొక్కలు దొరికే చోట్లు చెప్పి సాక్ష్యం ఇచ్చారు. 1990లో అమెరికా పార్లమెంటు భూమి బాగుచేత కోసం 2.5 కోట్ల డాలర్ల నిధి ఇస్తూ చట్టం చేసింది.

జూనికి దక్షిణంగా 60 మైళ్ల దూరంలో ఒక ఉప్పు సరస్సు ఉంది. అది వాళ్లకు ఉప్పు తల్లి. చుట్టుపక్కల తెగలన్నీ అక్కడ ఉప్పు తెచ్చుకునేవి. అక్కడ ఆయుధం పట్టకూడదన్నది అందరూ పాటించిన కట్టుబాటు. దాని దగ్గరలో బొగ్గు గని తవ్వి, భూగర్భ జలాలు తోడాలని ఒక విద్యుత్ సంస్థ తలపెట్టింది. జూనివాళ్లు ఇతర తెగలను, పర్యావరణవాదులను కలుపుకుని ఏళ్ల తరబడి ఎదిరించారు. 2003లో ఆ సంస్థ గనిని విరమించుకుంది.

ఏది చెప్పాలి, ఏది చెప్పకూడదు

ఇప్పుడు మొక్కజొన్న కొండ ఎలా ఉంది? కొండ మీద జూనివాళ్ల పవిత్ర స్థలాలు ఉన్నాయి. బయటివాళ్లు ఎక్కడానికి వీల్లేదు. కింద నుంచి చూడవచ్చు. ఊళ్లో జరిగే పూజల ఫొటోలు తీయకూడదు. అలాగని జూనివాళ్లు తలుపులు మూసుకుని కూర్చోలేదు. 1992లో సొంత మ్యూజియం పెట్టుకున్నారు. తమ చరిత్రను తామే చెబుతున్నారు. వచ్చినవాళ్లకు ఏది చూపాలో, ఏది చూపకూడదో నిర్ణయించేది వాళ్లే.

మా హాస్టల్ అమ్మాయికి నా జవాబు ఇదే. నీ ప్రశ్నలో సగం సరైనదే తల్లీ. మన చరిత్ర చెప్పాలి. కానీ చెప్పడం వేరు, తాళం తీసి ఇవ్వడం వేరు. జూని పెద్దలు కోర్టులో నోరు విప్పారు. పూజా స్థలం దగ్గర నోరు మూసుకున్నారు. రెండూ ఒకే పని కోసం. ఎక్కడ ఏది చేయాలో ఒక్కరు తేల్చుకోలేదు. ఊరంతా కూర్చుని తేల్చుకుంది.

మన దేశంలోనూ దీనికి దారి ఉంది. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. దాని నియమాల ప్రకారం పవిత్ర స్థలాలు, శ్మశానాలు, పాత బావులు మన హక్కుకు సాక్ష్యాలు. పెద్దల వాంగ్మూలం రాసి ఇస్తే అది కూడా సాక్ష్యమే. 2013లో ఒడిశాలో నియమగిరి కొండ కోసం 12 గ్రామసభలు కూర్చుని, బాక్సైట్ గని వద్దని ఒక్కటే మాట చెప్పాయి. డోంగ్రియా కోందులు ఆ కొండలు తమ నియమరాజావని సభల్లో చెప్పారు. అది రీల్ కోసం చెప్పిన మాట కాదు. రికార్డుకు ఎక్కిన మాట.

కాబట్టి చదువుకున్న పిల్లలుగా మీరు చేయవలసిన పని ఒకటి ఉంది. ఈ సెలవుల్లో మీ ఊరి కొండకు మన భాషలో ఉన్న పేరు ఏమిటో తాతను, అమ్మమ్మను అడగండి. ఆ పేరుకు అర్థం అడగండి. ఏ కరువులో, ఏ గొడవలో మనవాళ్లు అక్కడ తలదాచుకున్నారో, ఎండాకాలంలో కూడా నీళ్లుండే చోటు ఏదో అడిగి, నోటు పుస్తకంలో తేదీ వేసి రాయండి. చెప్పినవాళ్ల పేరు రాయండి. ఆఖరున ఒక్క ప్రశ్న మర్చిపోకండి: "ఇందులో బయటికి చెప్పకూడనిది ఏది?" ఆ జవాబును గౌరవించండి. పుస్తకం గ్రామసభలో పెద్దల ముందు పెట్టండి. ఫోన్‌లో ఏది పెట్టాలో ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఆ అమ్మాయి ఆ వీడియో తీసేసింది. మొన్న వచ్చినప్పుడు సంచిలో నుంచి ఒక నోటు పుస్తకం తీసి చూపించింది. వాళ్ల అమ్మమ్మ చెప్పిన పదకొండు చోట్ల పేర్లు అందులో ఉన్నాయి. నాలుగు పేర్ల పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి ఉంది. ఆ చుక్కలేమిటని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

జై ఆదివాసీ!